గుండీలు కుట్టిన దారి

ఆ ప్రయాణాన్ని అందరూ "టూరు" అనే అంటున్నారు. టూరుకు వెళ్ళినవాళ్ళంతా తిరిగి రావాలని ఎక్కడా రాసిపెట్టి లేదు కనుక, ఆ మాటలో అబద్ధమేమీ లేదు. నలుగురు కారెక్కుతారు. నిండు వేసవిలో కొండదారి పట్టుకుని, పొద్దుగూకేసరికి ఏదో ఒక ఊళ్ళో ఆగుతూ, లోయలూ జలపాతాలూ చూసుకుంటూ రోజుల తరబడి వెళ్తారు. ఆఖరి ఊళ్ళో ఎంచక్కా ఫోటోలు కూడా దిగుతారు. ఆ తరువాత ముగ్గురే కారెక్కుతారు. ఈ చివరి ముక్క మాత్రం ఎవరూ పైకి అనరు. అంత చక్కటి టూరులో తలలు లెక్కపెట్టడం మర్యాద కాదని కాబోలు.

దిగిపోయేది వదిన. దింపి రావలసింది ఆడపడుచు.

ఈ వదినా ఆడపడుచులు కార్లకు సీట్లు కుట్టే షాపు నడుపుతున్నారు. కింద షాపు, పైన రెండు గదులు. షాపు పెట్టింది వదిన మొగుడు, అంటే ఆడపడుచుకు అన్న. ఆయన ఒక మామూలు పొద్దున, కస్టమరు కారులో ఒక చుట్టు తిరిగి సీటు చూసి వస్తానని బయలుదేరి, గుండె ఆగి, మరి రాలేదు. కారును మాత్రం ఎవరో భద్రంగా తెచ్చి అప్పగించారు. ఇద్దరాడవాళ్ళూ ఇక షాపు మూసేస్తారని వీధంతా ఎదురుచూసింది. వదిన కత్తెర పట్టింది, ఆడపడుచు మిషను ముందు కూర్చుంది. సరే, వదినా ఆడపడుచులు ఒకే గూట్లో ఎన్నాళ్ళు ఇముడుతారో చూద్దామని వీధి మళ్ళీ ఎదురుచూసింది. చూసి చూసి వీధిలో కొందరికి జుట్టు నెరిసింది, కొందరికి రాలింది. వీళ్ళిద్దరూ మాత్రం రోజూ తగువులాడుకుంటూ నిక్షేపంగా కలిసే ఉన్నారు.

ఆడపడుచుకు "మార్జినమ్మ" అని పేరు పెట్టింది పక్క గ్యారేజీ మెకానిక్. గుడ్డ కత్తిరించేటప్పుడు కుట్టు పట్టడానికి అంచున కాస్త ఎక్కువ వదులుతారు. దాన్నే మార్జిన్ అంటారు. వదిన వేలెడు వదిలితే, జానెడు వదలమని ఈవిడ గోల. గుడ్డ సంగతి సరే, బతుకులో కూడా అంతే. బస్సు పది గంటలకైతే ఈవిడ ఎనిమిదికే స్టాండులో ఉంటుంది. మండుటెండలో గొడుగు పట్టుకెళ్ళి, ఎండకు కాదు, ఒకవేళ వాన వస్తేనో అంటుంది. కుట్టు పూర్తయి కస్టమరు కారు తీసుకుపోతుంటే గుమ్మంలోకి రాదు. మొహం అటు తిప్పుకుని దారం ఉండ చుట్టుకుంటూ కూర్చుంటుంది. సీట్లతో ఎడబాటే ఓర్చుకోలేని మనిషి. ఇక వదిన సంగతి చెప్పాలా?

తప్పంతా స్పాంజిది. ఏళ్ళ తరబడి కోస్తూ ఉంటే గాల్లో లేచిన నుసి, వదిన ఊపిరితిత్తుల్లో స్థలం చూసుకుని సొంతిల్లు కట్టుకుంది. ఈ పని మానాలి, ఈ ఊరి గాలి మానాలి అన్నాడు డాక్టరు. పని మానవచ్చుగానీ గాలి ఎలా మానతారో ఆయన చెప్పలేదు. చెప్పింది వదిన చెల్లెలు. ఆవిడకు కొండల్లో, కనుమ అవతల, పళ్ళతోట ఉంది. "వచ్చెయ్యక్కా, ఇక్కడ గాలి తప్ప ఇంకేమీ లేదు," అంది ఫోన్లో. ఆ కనుమ వేసవిలోనే తెరుచుకుంటుంది. వానలు మొదలైతే రాళ్ళు జారిపడి దారి మూసుకుపోతుంది. ఈ వేసవి తప్పితే మళ్ళీ వేసవే.

"వెళ్ళొద్దు" అనే మాట మార్జినమ్మ నాలుక చివరే ఉంది. అంటే వదిన ఆగిపోతుంది, ఆగిపోతే దగ్గుతుంది. అనకపోతే వెళ్ళిపోతుంది. ఈ రెంటి మధ్యా ఇరుక్కున్న మనిషి చేయగలిగింది ఒక్కటే. టూరు ప్లాను మొత్తం తన చేతుల్లోకి తీసుకుంది.

మొదటి మీటింగు షాపులో, కటింగు బల్ల చుట్టూ జరిగింది. దారి చూపించడానికి ఎదురింటి మాస్టారు ఒప్పుకున్నారు. రిటైరయ్యేదాకా భూగోళం చెప్పిన మనిషి. కొండల గురించి ఆయనకు తెలియనిది లేదు, ఎక్కడం ఒక్కటే తక్కువ. మేడ మీదికి రమ్మన్నా కళ్ళు తిరుగుతాయని కిందే కూర్చుంటారు. కారు నడపడానికి ఒప్పుకున్నది ఆ పక్క గ్యారేజీ మెకానిక్. ఎప్పుడూ జేబులోంచి పానా తొంగిచూస్తూ ఉంటుంది కనుక అతని పేరే పానా అయిపోయింది. ప్రపంచంలో నట్టు బిగిస్తే బాగుపడనిది లేదని అతని సిద్ధాంతం. బాగుపడకపోతే సుత్తి ఉంది.

"దారి ఫోన్లో చూసుకోవచ్చు కదరా," అంది వదిన.

"ఫోన్ మాట వినే కదా పెద్దమ్మా, పోయినసారి పెళ్ళివారి బండిని తీసుకెళ్ళి ఎవరి దొడ్లోనో దించాను. వాళ్ళు గేదెను కట్టేసే చోట పెళ్ళికొడుకు దిగాడు. అయినా కొండల్లో సిగ్నల్ ఎక్కడ ఏడ్చింది?"

"బోర్డులుంటాయిగా?"

"బోర్డులు చదువుకుంటూ నడిపేవాడు డ్రైవరెట్లా అవుతాడు? నాకు ఒక్కసారి దారి కళ్ళకు కట్టినట్టు చూపించండి చాలు. ఇక తిరిగి చూడను."

"ఆ తిరిగి చూడకపోవడమే నా భయం," అంది మార్జినమ్మ.

మాస్టారు అట్లాసు తెరిచి గొంతు సవరించుకున్నారు. "ఈ పర్వతాలు ఎలా పుట్టాయో ముందు తెలుసుకుందాం."

"అవి పుట్టేసరికి వానలొచ్చేస్తాయి మాస్టారూ," అన్నాడు పానా. "కనుమ ఎక్కడుందో చెప్పండి."

మాస్టారు నొచ్చుకుని, కనుమ చూపించారు. వంతెన ఉన్న ఊరు దాటాక రోడ్డు రెండుగా చీలుతుందనీ, ఒక పాయ కనుమ ఎక్కుతుందనీ చెప్పారు. రెండో పాయ ఎటు పోతుందని ఆ రోజు ఎవరూ అడగలేదు.

"అన్నీ బాగానే ఉన్నాయిగానీ, కారులో ఎక్కడ కూర్చుంటాం?" అంది మార్జినమ్మ.

ఆ ప్రశ్నకు అందరూ ఖంగు తిన్నారు. ఊరందరి కార్లకూ సీట్లు కుట్టిన షాపువాళ్ళ సొంత కారులో, స్ప్రింగుల మీద గోనెసంచి పరిచి ఉంటుంది. అన్నగారి హయాం నుంచీ అంతే. సొంత కారే కదా, కస్టమరు పని కానీ అని వాయిదా వేస్తూ వచ్చారు. దాని మీద పక్క వీధి దాకా వెళ్ళి వస్తే నడుం సంగతి నాలుగు రోజులు గుర్తుంటుంది.

"సీట్లు కుట్టాకే బయలుదేరడం," అని తేల్చేసింది మార్జినమ్మ. "కుట్టడానికి టైము పడుతుంది. మనదే కదా, నింపాదిగా కుడదాం."

వదిన ఆవిడ వంక ఒకసారి చూసి, దగ్గి, కత్తెర అందుకుంది.

పానాకు దారి కళ్ళకు కట్టాలి కదా. అట్లాసు పేజీ చింపుతామంటే మాస్టారు గుండెలు బాదుకున్నారు. మార్జినమ్మ ఒక లేత రంగు గుడ్డముక్క బల్ల మీద పరిచి, అట్లాసు చూస్తూ సుద్దతో దారి గీసింది. గుడ్డ వెనకవైపు గీసింది. ఆ షాపులో ఏం గీసినా వెనకవైపే గీస్తారు; ముందువైపు సుద్ద మరక పడితే కస్టమరు ఊరుకుంటాడా? గీసిన గీత మీద ఎర్రదారంతో మిషను కుట్టు వేసింది. నదికి నీలం, కనుమకు పసుపు. ఆగే ఊరికల్లా ఒక గుండీ పెట్టింది, సీటు వీపుకు కుడతారే, గుడ్డ చుట్టిన ఉబ్బెత్తు గుండీలు, అవి. తరువాత గుడ్డ తిప్పి, ముడులూ దారప్పోగులూ గోడవైపుకు పోయేలా, అందమైన ముందువైపు కనపడేలా గోడకు కొట్టించింది.

వదిన కత్తెర చేత్తో పట్టుకుని దాని ఎదుట చాలాసేపు నిలబడింది.

"బాగుంది," అంది చివరికి.

మార్జినమ్మకు నేల మీద కాలు నిలవలేదు. తను కుట్టినది బాగుందని వదిన అనడం ఆవిడ ఎరిగి అదే మొదలు. మామూలుగా అయితే "ఊడకపోతే చాలు" అంటుంది.

గుండీలతో వచ్చిన చిక్కేమిటంటే, అవి కుట్టడం చాలా తేలిక. మొదట ఆగే ఊళ్ళు అయిదే అనుకున్నారు. మర్నాడు మార్జినమ్మ ఇంకో గుండీ కుట్టింది.

"ఇదెవరి ఊరు పిన్నీ?" అన్నాడు పానా.

"అక్కడ గుహలున్నాయిట. మాస్టారు చెప్పారు."

"గుహలో ఏముంటుంది?"

"చీకటి," అంది వదిన స్పాంజి ముక్కలు ఏరుతూ. "ఇంట్లో కరెంటు పోతే ఉండేదే. అంత దూరం వెళ్ళి చూడాలి."

"నీకు చీకటి అక్కర్లేకపోతే కారులో కూర్చో వదినా. మేం చూసొస్తాం."

ఆ మర్నాడు జలపాతం. దాని పక్కనే ఇంకో జలపాతం, మొదటిది ఎండిపోయి ఉంటేనో అని. ఆ పైన వేడినీటి బుగ్గ. కడుపులో తిప్పితే ఆగడానికి ఒక ఊరు, తిప్పకపోతే సంతోషించడానికి ఇంకో ఊరు. ఒక చెరువు పక్కన ఏమీ లేని చోట కూడా గుండీ వెలిసింది. అక్కడేముందని మాస్టారే అడిగారు.

"ఏమీ లేదు. అలిసిపోతాం కదా."

"ముందు గుండీ దగ్గర లేచి, దీని దగ్గరికొచ్చేసరికే అలిసిపోతామా? మధ్యలో బెత్తెడు దూరం కూడా లేదమ్మా!"

"అదీ మార్జిన్," అన్నాడు పానా. "పిన్ని ప్రతి రోజుకూ అటోరోజూ ఇటోరోజూ వదిలేసి కుడుతోంది. ఈ లెక్కన మనం కనుమ చేరేసరికి నాకు పెన్షనొస్తుంది."

"నీకెవడిస్తాడ్రా పెన్షను?"

"కొండ మీది ఊళ్ళన్నీ కలిసి ఇస్తాయి. అన్ని చోట్లా భోంచేసి పోషించామని."

గోడ మీది గుడ్డలో గుండీలు ఎక్కువై ఎర్రదారం కనపడటం మానేసింది. కారు సీట్లు మాత్రం సగంలో ఉన్నాయి. మార్జినమ్మ కుడుతుంది; వంకర పోయిందంటూ విప్పుతుంది; మళ్ళీ కుడుతుంది. వదిన అడిగినప్పుడల్లా గుడ్డ కత్తిరించి ఇస్తుంది. నాలుగు ముక్కలు కత్తిరించేసరికి ఆయాసపడి గుమ్మంలో కూర్చుంటుంది. అలా కూర్చున్నప్పుడల్లా మార్జినమ్మ మిషను చప్పుడు పెంచుతుంది. వినపడకపోతే లేనట్టే కదా.

చెల్లెలు ఫోన్ చేసింది. "ఏమిటక్కా, వస్తున్నారా? ఇక్కడ అప్పుడే సాయంత్రాలు మబ్బు పడుతోంది."

"మా ఆడపడుచు సీట్లు కుడుతోందే."

"ఏ సీట్లు? సినిమా హాల్లోవా?"

మాస్టారు సూర్యోదయాల పని పెట్టుకున్నారు. ఏ మలుపులో సూర్యుడు ఎటు నుంచి పొడుస్తాడో, ఎవరు ఎటు కూర్చుంటే బాగా కనపడతాడో నిర్ణయించాలి. ఒక మధ్యాహ్నం అట్లాసు చంకలో పెట్టుకుని వచ్చి, గోడ మీది గుడ్డనూ పేజీనీ మార్చి మార్చి చూశారు. చూసి చూసి మొహం ఎర్రబడింది.

"ఘోరం! అమ్మా, ఘోరం! వంతెన దాటాక కనుమ మీ గుడ్డలో ఎడమ చేతి వైపుంది. అట్లాసులో కుడి వైపుంది. నది కూడా ఎదురు దిక్కున పారుతోంది!"

మార్జినమ్మ చేతిలో సూది ఆగింది.

"అంటే?" అన్నాడు పానా.

"అంటే ఏముందయ్యా, అట్లాసు తప్పు!" బల్ల గుద్దారు మాస్టారు. "ఇంత పొందికగా, ఇంత శ్రద్ధగా కుట్టింది తప్పెలా అవుతుంది? అచ్చువేసేవాళ్ళకు ఈ రోజుల్లో బొత్తిగా బాధ్యత లేదు. పేజీని తిరగేసి అచ్చు గుద్దారు. పాపం, ఇన్నేళ్ళూ ఎంతమంది పిల్లలకు కొండలను అటువి ఇటు చెప్పానో! ఊరుకోను. వాళ్ళకు ఉత్తరం రాస్తాను."

"రాయండి మాస్టారూ," అన్నాడు పానా ఉత్సాహంగా. "పుస్తకాల మీద నాకు ముందునుంచీ నమ్మకం లేదు. నాకు గుడ్డే కంఠతా వచ్చింది. వంతెన దాటగానే ఎడమ. ఇక నన్నెవడూ మార్చలేడు."

వదిన మూలన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగింది. దగ్గు కాబోలు.

మాస్టారు వెళ్ళాక మార్జినమ్మ గుడ్డ అంచు ఎత్తి వెనక్కి చూసింది. అక్కడ, ముడుల మధ్య, సుద్ద గీత మీద, కనుమ కుడి వైపునే ఉంది. వెనక గీసి ముందు చూపించింది. మొత్తం దారి తిరగబడింది. ఇన్నేళ్ళ పనిలో ఈ పొరపాటు ఎందుకు జరగలేదంటే, సీట్లు ఎప్పుడూ జతగానే కుడతారు: ఒకటి ఎడమకైతే ఇంకొకటి కుడికి, తిరగబడితే దాని జోడీ అవుతుంది. కొండలకు జోడీ ఉండదు.

ఆవిడ అంచు వదిలేసింది. గుడ్డ మళ్ళీ గోడకు అతుక్కుంది.

సాయంత్రం ఎదురింటి గుమ్మం దాకా వెళ్ళి, ఏదో పొద్దుపోక అడిగినట్టు అడిగింది. "మాస్టారూ, ఆ రెండో పాయలో వెళ్తే ఏమొస్తుంది?"

"అదా? రాతి క్వారీలు. కొండల్ని పిండి కొడుతుంటారు. మైళ్ళకొద్దీ ధూళి తప్ప ఏమీ ఉండదు. దారి అక్కడితో సరి. వెనక్కి తిరిగి రావలసిందే."

వెనక్కి తిరిగి రావలసిందే. ఆ మాట మార్జినమ్మ చెవిలో తేనె పోసినట్టు పడింది. ఇన్ని గుండీల దగ్గరా ఆగుతూ పోతారు, దారి తప్పుతారు, వెనక్కి వస్తారు. ఈలోగా వానలు. కనుమ మూత. వదిన మళ్ళీ వేసవి దాకా ఇంట్లోనే. ఇందులో తను చేసిన పాపం ఏముంది? అట్లాసు తప్పని చదువుకున్న మాస్టారే అన్నారు. మధ్యలో సరిదిద్దడానికి తనెవరు?

అక్కడి నుంచి ఆవిడ హుషారు చూసి వీధి ముక్కున వేలేసుకుంది. సగంలో ఉన్న సీట్లు చకచకా పూర్తయ్యాయి. కొత్త గుండీలు ఆగిపోయాయి. పైగా, "ఇంకెప్పుడురా బయలుదేరడం? టైర్లు చూశావా? వేసవి అయిపోతోంది," అని పానా వెంటపడింది.

"ఇదేం విడ్డూరం పిన్నీ? నిన్నటి దాకా బ్రేకులు నీ చేతిలో ఉండేవి. ఇప్పుడు యాక్సిలరేటరెక్కావు?"

"నీకెందుకు? చెప్పిన పని చెయ్."

వదిన కూడా ఏ పేచీ పెట్టలేదు. ఆవిడ సామాను రెండు సంచుల్లో సర్దుకుని, మళ్ళీ అందులో సగం తీసి బీరువాలో పెట్టేసింది. అది చూసి కూడా మార్జినమ్మ, సంచుల బరువు తగ్గించుకుంటోంది కాబోలు అనుకుంది. సంతోషంలో ఉన్నవాళ్ళకు బుర్ర అంతే పనిచేస్తుంది.

కొత్త సీట్లు బిగించే రోజు వచ్చింది. పానా కారును షాపు ముందు ఆపి, పాత గోనెసంచీలు బయటికి లాగాడు. కొత్త ముందు సీటులో వదినను కూర్చోబెట్టి ఎత్తు సరిపోయిందా అని చూస్తోంది మార్జినమ్మ. పానా ఆ సంచీలను ఏదో పుణ్యానికి గోడకేసి బాదాడు. అన్నగారి హయాం నాటి దుమ్మంతా ఒక్కసారి లేచి, తెరిచి ఉన్న కారు తలుపులోంచి లోపలికొచ్చింది.

వదినకు దగ్గు పట్టుకుంది. మామూలుగా వచ్చి పోయే దగ్గు కాదు. ఊపిరి లోపలికి పోదు, బయటికి రాదు. రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుని వంగిపోయింది. పెదాలు నీలమయ్యాయి. మార్జినమ్మ వీపు రాస్తూ, "వదినా, వదినా" అనడం తప్ప ఏమీ చేయలేకపోయింది. మిషను చప్పుడు పెంచుదామంటే దగ్గర మిషను లేదు. పానా పరుగెత్తి నీళ్ళు తెచ్చాడు, తెచ్చినవి తన చొక్కా మీదే పోసుకున్నాడు. మళ్ళీ తెస్తానని పరుగెత్తాడు.

ఒక గోనెసంచి దుమ్ముకే ఇట్లా. క్వారీల్లో మైళ్ళకొద్దీ.

ఊపిరి కాస్త కుదుటపడ్డాక వదిన తల సీటుకు ఆన్చింది. మార్జినమ్మ డ్రైవరు సీటులో కూర్చుని స్టీరింగు చక్రం పట్టుకుంది. ఏదో ఒకటి పట్టుకోవాలి కదా.

"వదినా, ఆ దారి తప్పు."

"తెలుసు," అంది వదిన కళ్ళు మూసుకునే.

"ఏం తెలుసు?"

"తిరగేసి తగిలించావని. కత్తెర పట్టినదాన్ని, గుడ్డకు వెనకేదో ముందేదో నాకు తెలీదుటే?"

"ఎప్పటి నుంచి తెలుసు?"

"గోడకు కొట్టిన రోజు నుంచి. బాగుందన్నాను కదా. నా నోట బాగుందన్న మాట వస్తే అప్పుడే అనుమానం రావాలి నీకు."

మార్జినమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మరి చెప్పవేం? అటు వెళ్తే క్వారీలు, తెలుసా? ఆ దుమ్ములో నువ్వు..."

"క్వారీల సంగతి తెలీదు. నువ్వు మాత్రం చెప్పావా?"

"నేను... నేను ఇప్పుడే కదా చూసింది."

"అబద్ధాలు కూడా మార్జిన్ లేకుండా ఆడుతున్నావు. మాస్టారు అట్లాసును తిట్టిన రోజే గుడ్డ ఎత్తి చూశావు. చూసి వదిలేశావు."

కారు ముందునుంచి పానా రెండో చెంబుతో వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, ఆ నీళ్ళు తనే తాగేసి గ్యారేజీలోకి తప్పుకున్నాడు.

"చూసి ఎందుకు ఊరుకున్నావు వదినా?"

వదిన కొత్త సీటు అంచున కుట్టును గోటితో తడుముతోంది. "వెళ్ళాలంటే నాకు మాత్రం పండగ్గా ఉందనుకున్నావా? డాక్టరుకు కాదని చెప్పలేను. రానంటే చెల్లి ఏడుస్తుంది. ఉంటానంటే నువ్వు నా దగ్గు లెక్కపెట్టుకుంటూ మంచాన పడతావు. దారే తప్పిందనుకో, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు."

తలలు పండిన ఇద్దరాడవాళ్ళు, ఒక మాట పైకి అనలేక, ఒక పర్వతశ్రేణిని మొత్తం తలకిందులు చేసి, ఒక మాస్టారి చేత ఉత్తరం రాయించి, ఆ తప్పుదారి మీద అన్ని గుండీలు కుట్టుకుని కూర్చున్నారు. కారు బయట వీధిలో మాత్రం అంతా మామూలుగానే ఉంది. ఎవడో సైకిలు మీద బెల్లు కొట్టుకుంటూ పోయాడు.

"నువ్వు వద్దంటే ఆగిపోతాను," అంది వదిన.

ఇన్నాళ్ళూ నాలుక చివర మోసిన మాట. అడిగి మరీ చేతిలో పెడుతున్నారు. మార్జినమ్మ ఆ పెదాల వంక చూసింది. నీలం ఇంకా పూర్తిగా పోలేదు.

"వద్దనాలనే ఉంది," అంది. "అనను. పద."

షాపులోకి వచ్చి మేకులు పీకి గుడ్డ దింపింది. తిప్పి, వెనకవైపు పైకి వచ్చేలా బల్ల మీద పరిచింది. ఆ వైపు గుండీలు లేవు. వట్టి దారి ఉంది, దారి పొడుగునా పిచ్చి ముడులున్నాయి. వాటి వంక చూసి వదిన కత్తెర అందుకుంది.

"ఏది ఉంచాలో చెప్పు."

"నువ్వే చెప్పు. వెళ్ళేది నువ్వు."

వదిన గుడ్డను బల్ల అంచుకు జరుపుకుంటూ ఒక్కో ముడీ కత్తిరిస్తుంటే, నేల మీద ఒక్కో గుండీ టప్పుమని రాలుతోంది. గుహలు పోయాయి. రెండు జలపాతాలూ పోయాయి. కడుపులో తిప్పే ఊరూ, తిప్పని ఊరూ పోయాయి. మార్జినమ్మ వంగి ఏరబోయి మానుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముందు అనుకున్న అయిదు ఊళ్ళూ అలాగే ఉంచి, వదిన ఇంకో ముడి దగ్గర కత్తెర ఆపింది.

"ఇదేది?"

"చెరువు. అక్కడేమీ లేదు. ఊరికే పెట్టాను. కోసెయ్."

"ఉండనీ. ఒక రోజు ఏమీ లేని చోట కూర్చుందాం. గుహలో చీకటికన్నా నయం."

మాస్టారూ పానా పిలిస్తే వచ్చారు. అట్లాసు తప్పు కాదని తెలిసి మాస్టారి మొహం పాలిపోయింది. ఉత్తరం అప్పటికే పోస్టు డబ్బాలో వేశారుట. "పోన్లెండి, తరువాతి అచ్చులోనైనా జాగ్రత్తగా ఉంటారు," అని తనకు తనే ధైర్యం చెప్పుకున్నారు. పానా మాత్రం తల పట్టుకున్నాడు.

"ఇప్పుడు నన్ను మళ్ళీ మొదటి నుంచి బట్టీ పట్టమంటారా? ఎడమ అనుకున్న ప్రతిచోటా కుడి అనుకోవాలా? సరే, పడతాను. ఎల్లుండి పొద్దున్నే బయలుదేరదాం. కానీ పెద్దమ్మా, వెళ్ళే దారి సరే. వచ్చే దారేది?"

అన్ని మీటింగుల్లో, అన్ని గుండీల మధ్యా, రావడం గురించి ఎవరూ దారం ముక్క కూడా వెయ్యలేదు.

"వెళ్ళిన దారేగా తిరుగు దారి," అన్నారు మాస్టారు.

"కాదు," అంది మార్జినమ్మ. "అన్ని చోట్ల ఆగుతూ ఎందుకొస్తాం, చూసేదేముంది? సూటిగా వచ్చేస్తాం." సుద్ద తీసుకుని, ఎర్రదారం పక్కనే, కనుమ నుంచి కిందికి ఒక గీత గీసింది. అక్కడక్కడా వంకర పోయినా చెరపలేదు. గీత గుడ్డ అడుగుకు, షాపు ఉండే చోటుకు వచ్చి ఆగింది.

వదిన కింద రాలిన గుండీల్లోంచి ఒకటి ఏరి, ఊదేసి, గీత ఆగిన చోట పెట్టింది. దబ్బనం అడిగింది.

"అక్కడ గుండీ ఎందుకు? అది ఇల్లు. ఇంట్లో ఆగడమేమిటి?"

"నేను ఆగాలి కదా. వచ్చే వేసవిలో కనుమ తెరిచాక ఈ వెధవ వచ్చి నన్ను దింపుకొస్తాడు. ఏరా?"

"పెన్షనొచ్చేలోపైతే వస్తాను," అన్నాడు పానా.

"డాక్టరు స్పాంజి ముట్టుకోవద్దన్నాడు. మేడ మీద కూర్చుని, నువ్వు కుట్టినవాటికి వంకలు పెట్టొద్దనలేదు. నాలుగు రోజులుంటాను. దగ్గొస్తే కారెక్కేస్తాను."

వదిన గుండీ కుట్టింది. ఆవిడ కత్తెర మనిషి. కుట్టు ఎప్పుడూ అంతంతమాత్రమే. మార్జినమ్మ గుడ్డ తన ముందుకు లాక్కుని, కస్టమరుకు ఇచ్చే ముందు ప్రతి సీటుకూ చేసినట్టే, ఆ గుండీ పట్టుకుని గట్టిగా గుంజి చూసింది.

ఊడలేదు.

అయినా సూదిలోకి దారం ఎక్కించి, దాని చుట్టూ ఇంకో నాలుగు చుట్లు వేసింది.